ఏ సర్వీసు ఏ తలుపు దగ్గర? రెండు ల్యాన్ కార్డులున్న సర్వర్ గురించి నల్లగొండలో చేసిన ప్రసంగం

నల్లగొండలో డిప్లొమా, ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం, చుట్టుపక్కల మిల్లుల్లో, ఆసుపత్రుల్లో, బడుల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్ల కోసం జరిగిన ఒకరోజు శిక్షణలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి తమ్ముడూ. ఆ, సరిపోయింది.

ముందు ఒక్క ప్రశ్న. మీరు చూసుకునే సర్వర్‌లో రెండు ల్యాన్ కార్డులు, అంటే నెట్ కేబుల్ గుచ్చే కార్డులు, ఉన్నవాళ్లు చేతులెత్తండి. పది పన్నెండు మంది ఉన్నారు. మిగతావాళ్లకు ఒకటే కార్డు, అంతేనా? నిజంగా ఒకటేనా? రేపు డ్యూటీకి పోయాక ‘ఐపీ అడ్రస్’ అనే కమాండ్ కొట్టి చూడండి. మొదటి వరుసలో ‘ఎల్ఓ’ అని కనపడుతుంది. అది లూప్‌బ్యాక్, 127.0.0.1, సర్వర్ తనతో తాను మాట్లాడుకునే దారి. దాని కింద మీ కార్డు. డాకర్, అంటే ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టుకున్నారా, ‘డాకర్0’ అని ఇంకొకటి, మామూలుగా 172.17.0.1 అడ్రస్‌తో. వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసుకునే రహస్య దారి, ఉంటే ‘టన్0’ అని మరొకటి. అంటే పెట్టె వెనకాల ఒకే కేబుల్ వేలాడుతున్నా లోపల మూడు నాలుగు ఇంటర్‌ఫేస్‌లు, అంటే నెట్‌వర్క్‌తో కలిసే చోట్లు, ఉన్నాయి. కాబట్టి ఇవాళ్టి మాట చేతులెత్తిన పది మందికే కాదు, అందరికీ.

ఇంటికి రెండు తలుపులున్నాయనుకోండి. బజారు వైపు ఒకటి, పెరటి వైపు ఒకటి. ఇంట్లో మనుషులున్నారు. వాళ్లే సర్వీసులు, అంటే సర్వర్‌లో నడుస్తూ అడిగినవాళ్లకు జవాబిచ్చే ప్రోగ్రాములు. ఎవరు ఏ తలుపు దగ్గర కూర్చోవాలో మీరు చెప్పలేదు. అప్పుడు ఏమవుతుంది? కంప్యూటర్‌లో అయితే ఒక్కొక్కరూ రెండు తలుపుల దగ్గరా కూర్చుంటారు. అవును, ఒకే మనిషి రెండు చోట్లా. సర్వీసుకు ఏమీ చెప్పకపోతే చాలాసార్లు అది చేసే పని ఇదే. చాలామంది సర్వీసు నడుస్తోందా లేదా అనే చూస్తారు. ఏ తలుపు దగ్గర నడుస్తోంది అని చూడరు. నేనూ చాలా ఏళ్లు చూడలేదు.

ఎక్కడ నేర్చుకున్నానో చెప్తాను. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు. పేరు వద్దు. అక్కడ సర్వర్ నేనే పెట్టాను. రెండు కార్డులు. ఒక కార్డు ఆఫీసు వైపు. అక్కడ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ ఉంది, ఆఫీసు కంప్యూటర్లకు 192.168.1 వరుసలో అడ్రసులు ఇచ్చేది అదే. రెండో కార్డు మిల్లు వైపు. ధర్మకాంట దగ్గరి కంప్యూటర్, గోదాము కెమెరాలు ఆ వైపు. అక్కడ అడ్రసులు ఇచ్చే పని మా సర్వర్‌ది, 192.168.50 వరుస. డీహెచ్‌సీపీకి, అంటే కంప్యూటర్లకు అడ్రసులు పంచే పనికి, డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ పెట్టి, ‘ఈథ్1 మీద మాత్రమే జవాబివ్వు’ అని రాశాను. ఈథ్1 అంటే మిల్లు వైపు కార్డుకు సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ పెట్టిన పేరు, ఆఫీసు వైపుది ఈథ్0. పద్ధతిగానే రాశాను. ఏడాది పైగా నడిచింది.

ఒక రాత్రి పిడుగు పడి ఒక ల్యాన్ కార్డు పోయింది. మిల్లువాళ్లు తెలిసిన పిల్లవాడితో కొత్త కార్డు వేయించారు. సర్వర్ లేచింది. కోతల సీజన్, ధాన్యం ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వరుస కట్టి ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి ఫోన్. ‘అన్నా, కాంటా దగ్గర తూకం ఎక్కుతలేదు, ఆఫీసులో నెట్ పోయింది.’ ఏం చేశారని అడిగాను. ‘ఒక కంప్యూటర్‌కు నెట్ పోతే రీస్టార్ట్ చేసినం. రాలేదు. పక్కది మంచిగనే ఉండె, దాన్ని కూడా రీస్టార్ట్ చేసినం. అదీ పోయింది.’

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. బాగున్న కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే ఎందుకు పోయింది? ఎవరైనా చెప్తారా? ... ఆ, లీజు. బాగా చెప్పావమ్మా. డీహెచ్‌సీపీలో అడ్రస్ మన సొంతం కాదు, కొంతకాలానికి కౌలుకిచ్చిన పొలం లాంటిది. ఆన్‌లో ఉన్న కంప్యూటర్ సగం గడువు అయ్యాక, తనకు అడ్రస్ ఇచ్చిన సర్వర్‌నే నేరుగా అడిగి గడువు పెంచుకుంటుంది. ఆ సర్వర్ జవాబిస్తున్నంతకాలం ఇంకెవరినీ అడగదు. అందుకే ఆన్‌లో ఉన్నవి పాత రౌటర్‌తోనే హాయిగా నడుస్తున్నాయి. రీస్టార్ట్ అయిన కంప్యూటర్ మాత్రం వీధిలో నిలబడి కేకేస్తుంది. ‘నా దగ్గర ఈ అడ్రస్ ఉంది, వాడుకోవచ్చా?’ అని ఆ వైపు ఉన్న అందరికీ వినపడేలా. అప్పుడు మా సర్వర్ ‘ఆ అడ్రస్ ఈ నెట్‌వర్క్‌ది కాదు, వదిలేయి’ అని చెప్పి, తన దగ్గరున్న 192.168.50 అడ్రస్ ఇస్తోంది. మా సర్వర్ ఆఫీసు వైపు ఎందుకు మాట్లాడుతోంది? ఈథ్1 మీద మాత్రమే అని నేను రాశాను కదా?

అదే తిరకాసు. కొత్త కార్డు వేశాక లైనక్స్ ఆ కార్డులను వేరే వరుసలో గుర్తుపట్టింది. నిన్నటిదాకా ఈథ్0 అయినది ఇవాళ ఈథ్1. పేర్లు తారుమారయ్యాయి, కేబుళ్లు మాత్రం ఎక్కడివక్కడే. ఈథ్1కి నేను రాసిన 192.168.50.1 అడ్రస్ ఆఫీసు కేబుల్ మీదికి పోయి కూర్చుంది. డీఎన్ఎస్‌మాస్క్ తనకు చెప్పినట్టే ఈథ్1 మీద జవాబిస్తోంది. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక్క అక్షరం మారలేదు. ధర్మకాంట కంప్యూటర్ మాత్రం 192.168.50.1 ఎక్కడా అని వెతుక్కుంటోంది.

నేను నల్లగొండ నుంచి బయల్దేరి వెళ్లేసరికి కాంటా గది కిటికీ దగ్గర గుమాస్తా కార్బన్ కాగితం పెట్టి తూకం చీటీలు చేత్తో రాస్తున్నాడు. రైతులు చీటీని ఒకటికి రెండుసార్లు చదువుకుంటున్నారు. ఒక పెద్దాయన నన్ను ఆపి, ‘సారూ, గీ చేతిరాత చీటీ రేపు కంప్యూటర్ల ఉంటదా?’ అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. ఉంటుంది బాపూ అన్నాను. సాయంత్రం వరకు కూర్చుని ప్రతి చీటీ ఎక్కించాం. ఆఫీసులో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ‘ఐపీకాన్ఫిగ్ ఆల్’ కొడితే డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుసలో 192.168.50.1 కనపడింది. అక్కడ 192.168.1.1 ఉండాలి. ఆ ఒక్క వరుసతో మొత్తం అర్థమైంది. సర్వర్ గదిలోకి పోయి ఆఫీసు వైపు కేబుల్ పీకాను. పచ్చ లైటు ఆరింది. కంప్యూటర్లను ఇంకోసారి రీస్టార్ట్ చేస్తే నెట్ వచ్చింది.

కాబట్టి మొదటి పని, పేరును కార్డుకు కట్టేయండి. మీలో కొందరు అంటారు, ఇప్పుడు ఈథ్0 లేదు కదా, ‘ఈఎన్‌పీ3ఎస్0’ లాంటి పేర్లు వస్తున్నాయి కదా అని. నిజమే. లైనక్స్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ 197వ వెర్షన్‌తో, 2013లో, ఆ పద్ధతి వచ్చింది. కార్డు మదర్‌బోర్డులో ఏ బస్ (డేటా పోయే దారి) మీద, ఏ స్లాటులో ఉందో దాన్నిబట్టి పేరు. పాత పద్ధతికంటే చాలా నయం. కానీ ఇంకో కార్డు గుచ్చితే బస్ నంబర్లు జరగొచ్చు. 3 కాస్తా 4 కావచ్చు. అందుకని నేను కార్డు మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే కార్డుకు ఇచ్చే నంబరు, చూసి పేరు పెడతాను. నెట్‌వర్క్ సెట్టింగులు రాసే నెట్‌ప్లాన్‌లో ‘మ్యాచ్’ కింద మ్యాక్ అడ్రస్ రాసి, ‘సెట్ నేమ్’ కింద పేరు ఇవ్వొచ్చు. సిస్టమ్‌డీలో నేరుగా ‘లింక్’ ఫైల్ రాసినా సరే. పేరు కూడా అర్థమయ్యేట్టు పెట్టండి. ‘ఆఫీస్0’, ‘మిల్0’. అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు ఆ పేరు మీకు దారి చూపిస్తుంది.

కార్డు కాలిపోయి కొత్తది వేస్తే మ్యాక్ మారుతుంది కదా, అప్పుడు? అప్పుడు ఆ కార్డుకు ఏ అడ్రసూ రాదు. సర్వీసు లేవదు. అది మంచిదే. లేవని సర్వీసు గురించి ఐదు నిమిషాల్లో ఫోన్ వస్తుంది. తప్పు తలుపు దగ్గర కూర్చున్న సర్వీసు ఇంకొకరి పని చెడగొడుతూ గంటల తరబడి దొరకదు. ఇంకొక చిన్న పని. తెల్ల టేపు ముక్క మీద మ్యాక్ చివరి నాలుగు అంకెలు రాసి కార్డు పక్కన అంటించండి. కేబుల్ రెండు కొసలకూ అంటించండి. టేపు చుట్ట ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలు.

ఇక రెండో సంగతి, వినడం. సర్వీసు లేవగానే కెర్నెల్‌కు, అంటే లైనక్స్ గుండెకాయకు, చెప్తుంది, ‘ఈ అడ్రస్ మీద, ఈ పోర్టు మీద నాకోసం ఎవరొచ్చినా నాకు చెప్పు’ అని. పోర్టు అంటే ఒకే అడ్రస్ మీద ఒక్కో సర్వీసుకు ఉండే నంబరు. ఆ అడ్రస్ చోట 0.0.0.0 అని ఉంటే అర్థం ఏమిటి? అన్ని అడ్రసులూ అని. ఉన్న కార్డులు, రేపు పెట్టబోయే కార్డులు, వీపీఎన్, అన్నీ. ఇది చూడ్డానికి ‘ఎస్ఎస్’ కమాండ్, పక్కన మైనస్ పెట్టి టీ, యూ, ఎల్, ఎన్, పీ. ఎస్ఎస్ మైనస్ టీయూఎల్ఎన్‌పీ. రూట్‌గా, అంటే పూర్తి అధికారమున్న యూజర్‌గా, కొట్టండి, అప్పుడే ఏ ప్రోగ్రామో పేర్లన్నీ కనపడతాయి. లోకల్ అడ్రస్ అన్న వరుస పైనుంచి కిందికి వేలు పెట్టి చదవండి. ప్రతి 0.0.0.0 దగ్గరా ఆగి అడగండి, నువ్వు రెండు తలుపుల దగ్గరా ఉండాలా? చతురస్రపు బ్రాకెట్లో రెండు కోలన్లు కనపడితే అది ఐపీవీ6, అంటే కొత్త తరం పొడుగు అడ్రసులు, ఆ వైపు అన్నీ అని. నక్షత్రం గుర్తు (*) కనపడితే ఆ ఒక్కటే ఐపీవీ4నూ, అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న పాత తరం అడ్రసులనూ, వింటుంది. చాలామంది 0.0.0.0 ఒక్కటే వెతికి, ఇవి వదిలేస్తారు.

ఇది నా ఒక్కడి భయం కాదు. 2017 మొదట్లో మాంగోడీబీ డేటాబేసులు ప్రపంచమంతా వేల సంఖ్యలో దెబ్బతిన్నాయి. డేటా చెరిపేసి, డబ్బు కడితే ఇస్తామని చీటీ పెట్టిపోయారు. అందులో పెద్ద హ్యాకింగ్ విద్య ఏమీ లేదు. పాస్‌వర్డ్ లేదు, బజారు తలుపు దగ్గర కూర్చుని ఉంది, అంతే. అదే ఏడాది చివర 3.6 వెర్షన్ నుంచి ఏమీ చెప్పకపోతే అది లోపలి 127.0.0.1 మీదే వింటుంది. మరుసటి ఏడాది, 2018 ఫిబ్రవరిలో, గిట్‌హబ్ అనే ప్రోగ్రామర్ల వెబ్‌సైట్ మీద సెకనుకు 1.35 టెరాబిట్ల వరద వచ్చింది. దానికి వాడుకున్నవి ఎవరెవరివో మెమ్‌క్యాష్‌డీ సర్వర్లు, అంటే డేటాను మెమరీలో ఉంచుకుని వేగంగా ఇచ్చేవి. 11211 పోర్టు మీద యూడీపీలో, అంటే ముందు కనెక్షన్ కలపకుండానే పంపే పద్ధతిలో, ఇంటర్నెట్ వైపు వింటూ కూర్చున్నవి. ఆ సర్వర్ల యజమానులు ఎవరిమీదా దాడి చేయాలనుకోలేదు. ఎవరి సర్వరో ఒక చిన్న ప్రశ్న అడిగితే పెద్ద జవాబు ఇచ్చింది, ఆ జవాబు వేరేవాళ్ల మీద పడింది. మన మిల్లు సర్వర్ కూడా అలా వాడబడొచ్చు. మన రైతుల లెక్కలు పోవడం ఒకటి, మన పెట్టెతో ఇంకొకరిని కొట్టడం ఇంకొకటి. రెండూ నాకు పట్టింపే.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మొదట్లో లోకల్‌హోస్ట్ మీదే వింటుంది. బయటి కంప్యూటర్ నుంచి కలవడం లేదనగానే అందరూ ఏం చేస్తారు? ‘లిజన్ అడ్రసెస్’ దగ్గర నక్షత్రం గుర్తు (*) పెడతారు, అంటే అన్నీ. ఎందుకు? ధర్మకాంట కంప్యూటర్ ఒక్కటే కదా కలవాలి? 127.0.0.1, ఒక కామా, 192.168.50.1. ఇంతే రాయాలి. మైఎస్‌క్యూఎల్‌లో ‘బైండ్ అడ్రస్’. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో ‘లిజన్ అడ్రస్’. అపాచీ, ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్లు రెండిట్లోనూ ‘లిజన్’ పక్కన పోర్టుకు ముందు అడ్రస్. ఫైళ్లు పంచే సాంబాలో రెండు వరుసలు, ‘ఇంటర్‌ఫేసెస్’ అని ఒకటి, ‘బైండ్ ఇంటర్‌ఫేసెస్ ఓన్లీ’ అని ఒకటి. రెండోది మరిచిపోతే మొదటిది రాసినా లాభం లేదు. డాకర్‌లో పోర్టు ఇచ్చేటప్పుడు ముందు 127.0.0.1 అనో మీ లోపలి అడ్రస్ అనో చేర్చండి. ఉత్త పోర్టు నంబరు ఇస్తే అన్ని తలుపులూ తెరుస్తుంది. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌లో మీరు మూసిన పోర్టు కూడా తెరుచుకుంటుంది, ఎందుకంటే డాకర్ తన నియమాలు వేరే చోట, ముందుగా రాసుకుంటుంది.

ఇప్పుడొక ప్రశ్న అడుగుతాను, ఆలోచించి చెప్పండి. నా అడ్మిన్ పేజీని 192.168.1.10 మీద మాత్రమే వినమన్నాను. అంటే ఆఫీసు వైపు అడ్రస్. ఇప్పుడు మిల్లు వైపు కేబుల్‌కు ల్యాప్‌టాప్ పెట్టినవాడు ఆ పేజీ తెరవగలడా? తెరవలేడు అన్నవాళ్లు? చాలామంది. తెరవగలడు అన్నవాళ్లు? ఇద్దరు.

ఆ ఇద్దరిదే సరైన జవాబు. ల్యాప్‌టాప్‌లో ‘192.168.1.10కి 192.168.50.1 మీదుగా పోవాలి’ అని ఒక్క రూటు రాస్తే పేజీ తెరుచుకుంటుంది. సర్వర్‌లో ఐపీ ఫార్వర్డింగ్, అంటే ఒక తలుపు నుంచి వచ్చినదాన్ని ఇంకో తలుపు నుంచి పంపడం, ఆపేసి ఉన్నా తెరుచుకుంటుంది. ఎందుకు? లైనక్స్ దృష్టిలో అడ్రస్ కార్డుది కాదు, మొత్తం యంత్రానిది. ఏ తలుపు నుంచి వచ్చినా, మీద రాసిన అడ్రస్ నాదే అయితే తీసుకుంటాను అంటుంది. ఇది తప్పు కాదు. 1989 నాటి ఆర్ఎఫ్‌సీ 1122 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోనే రెండు పద్ధతులనూ చర్చించారు, కార్డును పట్టించుకునేది స్ట్రాంగ్, పట్టించుకోనిది వీక్. లైనక్స్ రెండో దారి పట్టింది. ఏఆర్‌పీ, అంటే ఐపీ అడ్రస్‌ను బట్టి మ్యాక్ అడ్రస్ కనుక్కునే పద్ధతి, అది కూడా ఇంతే. రెండు కార్డులూ ఒకే స్విచ్‌కు పెట్టి చూడండి, ఒక కార్డు అడ్రస్ కోసం అడిగితే ఇంకో కార్డు జవాబిస్తుంది. దాన్ని ‘ఏఆర్‌పీ ఇగ్నోర్’, ‘ఏఆర్‌పీ అనౌన్స్’ అనే సెట్టింగులతో సరిచేసుకోవాలి.

అంటే అడ్రస్ చెప్పడం అంటే తలుపు చెప్పడం కాదు. తలుపు దగ్గర కాపలా వేరే పెట్టాలి. ఆ కాపలా ఫైర్‌వాల్. అందులో నియమం అడ్రస్‌తో కాదు, ఇంటర్‌ఫేస్ పేరుతో రాయండి. లైనక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ‘ఐఐఎఫ్‌నేమ్’ అని ఉంటుంది. ‘మిల్0’ నుంచి వచ్చింది, అడ్మిన్ పోర్టుకు పోతానంటోంది, పడేయి. ఫైర్‌వాల్‌డీ వాడేవాళ్లయితే ప్రతి కార్డునూ ఒక జోన్‌లో పెట్టండి. సర్వీసులో అడ్రస్ రాయడం, తలుపు దగ్గర ఫైర్‌వాల్ పెట్టడం, రెండూ కావాలి. ఒకటి చేశాను కదా అని రెండోది వదలకండి. చేతులు జోడించి అడుగుతున్నాను. ఆసుపత్రి సర్వర్లు చూసేవాళ్లు ఇక్కడ ఉన్నారు. వెయిటింగ్ హాలులో రోగుల బంధువులకు వైఫై ఇచ్చారు, అదీ అదే సర్వర్ ఇంకో కార్డు మీద. ఆ వైఫైలో కూర్చున్నవాడికి రోగుల రిపోర్టులు కనపడకూడదు కదా?

ఇక జవాబు వెళ్లే దారి. నన్నడిగితే ఎక్కువ రాత్రులు పోయేది ఇక్కడే.

మన నాగార్జునసాగర్ చూడండి. ఎడమ కాలువ మన మిర్యాలగూడ వైపు, కుడి కాలువ గుంటూరు వైపు. నీళ్లకు తామెటు పోవాలో తెలియదు. ఏ గేటు ఎత్తితే అటు. సర్వర్‌లో ఆ గేటు రూటింగ్ టేబుల్. ప్యాకెట్, అంటే డేటా ముక్క, ఏ తలుపు నుంచి వచ్చిందో రూటింగ్ టేబుల్ చూడదు. ఎక్కడికి పోవాలి అన్నది చూస్తుంది. తెలియని చోటు అయితే డిఫాల్ట్ గేట్‌వే, అంటే బయటికి పోయే మామూలు దారి.

కరెంటు, నెట్ రెండూ నమ్మలేం కాబట్టి మన దగ్గర చాలామంది రెండు కంపెనీల నెట్ పెట్టుకుంటారు. ఒక కార్డు 192.168.1.10, దాని రౌటర్ 1.1. ఇంకో కార్డు 192.168.2.10, దాని రౌటర్ 2.1. రెండిటికీ డీహెచ్‌సీపీ. రెండూ డిఫాల్ట్ గేట్‌వే ఇస్తాయి. మెట్రిక్, అంటే ఏ దారి ముందో చెప్పే నంబరు, తక్కువ ఉన్నది గెలుస్తుంది, మొదటిది అనుకుందాం. ఇప్పుడు యజమాని హైదరాబాద్ నుంచి తన ఫోన్‌లో రెండో నెట్ అడ్రస్ కొట్టాడు. ప్యాకెట్ రెండో రౌటర్ నుంచి వచ్చింది. సర్వర్ జవాబు రాసింది. ఆ ఫోన్ అడ్రస్ తెలియని చోటు కాబట్టి జవాబును మొదటి రౌటర్‌కు ఇచ్చింది. ఆ రౌటర్‌కు ఈ సంభాషణ సంగతే తెలియదు. పడేస్తుంది, లేదంటే తన అడ్రస్ వేసి పంపుతుంది. ఫోన్ ఏమంటుంది? నేను మాట్లాడింది నీతో కాదు అంటుంది. అక్కడికి అయిపోయింది. పైగా సర్వర్‌లో ఆర్‌పీ ఫిల్టర్ 1 మీద ఉంటే జవాబు దాకా కూడా రాదు. ‘ఇటునుంచి వచ్చింది, దీనికి నేను జవాబు పంపే దారి అటు, ఇదేదో అనుమానంగా ఉంది’ అని చప్పుడు చేయకుండా పడేస్తుంది. ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్‌లో అది వచ్చినట్టు కనపడుతుంది, సర్వీసు లాగ్‌లో కనపడదు. ఇది ఎదురైతే ‘లాగ్ మార్షియన్స్’ ఆన్ చేసి కెర్నెల్ లాగ్ చూడండి.

దీనికి మందు పాలసీ రూటింగ్. భయపడకండి, మూడు వరుసలు. కొత్త రూటింగ్ టేబుల్ ఒకటి, 102 అనే నంబరు ఇద్దాం. 253, 254, 255 ముందే వాడుకలో ఉన్నాయి, వాటిని ముట్టుకోవద్దు. ఆ 102లో మొదట 192.168.2 నెట్‌వర్క్ ఈ కార్డు మీదే ఉందని రాయాలి. తర్వాత డిఫాల్ట్ 192.168.2.1 మీదుగా అని. మూడోది ‘ఐపీ రూల్’, 192.168.2.10 నుంచి బయల్దేరే ఏ ప్యాకెట్ అయినా 102 చూడాలి. అంతే. వచ్చిన దారినే జవాబు పోతుంది. సరిగ్గా పడిందా అని చూడ్డానికి ‘ఐపీ రూట్ గెట్’ అని బయటి అడ్రస్ ఒకటి ఇచ్చి, ‘ఫ్రమ్’ పక్కన మీ అడ్రస్ రాయండి. ఏ కార్డు నుంచి పోతుందో అదే చెప్తుంది. ఊహించనక్కర్లేదు. ఇక మిల్లు వైపు కార్డుకు గేట్‌వే అసలు ఇవ్వకండి. ఆ వైపు ప్రపంచం లేదు, గోదామే ఉంది.

యూడీపీ సర్వీసులకు ఇంకో చిక్కు. టీసీపీలో సంభాషణ మొదలైన అడ్రస్‌తోనే జవాబు పోతుంది. యూడీపీలో 0.0.0.0 మీద వింటున్న ప్రోగ్రామ్ జాగ్రత్త పడకపోతే, జవాబు మీద ఏ అడ్రస్ వేయాలో కెర్నెల్ రూటు చూసి తనే వేస్తుంది. 2.10ని అడిగితే 1.10 జవాబిస్తుంది. డీఎన్ఎస్‌ను, అంటే పేర్లకు అడ్రసులు చెప్పే సర్వీసును, అడిగే ‘డిగ్’ కమాండ్‌లో అనుకోని చోటు నుంచి జవాబు వచ్చిందని హెచ్చరిక కనపడితే ఇదే. బైండ్ అనే డీఎన్ఎస్ సర్వర్ ప్రతి అడ్రస్‌కూ విడివిడిగా వినేది ఇందుకే. ఎస్ఎస్ కొట్టినప్పుడు 53 పోర్టు నాలుగైదు వరుసల్లో కనపడితే కంగారు పడొద్దు.

ఇంకొక్కటి, మన దగ్గర తప్పకుండా ఎదురయ్యేది. కరెంటు పోయి వస్తుంది. సర్వర్, స్విచ్, రౌటర్ అన్నీ ఒకేసారి లేస్తాయి. ఎస్ఎస్‌డీ ఉన్న సర్వర్ గబగబా లేస్తుంది, స్విచ్ ఇంకా లైట్లు ఆడిస్తూనే ఉంటుంది. కార్డుకు లింకు రాలేదు కాబట్టి 192.168.50.1 అడ్రస్ ఇంకా పడలేదు. ఇంజిన్‌ఎక్స్ ఆ అడ్రస్ మీద కూర్చుంటానని అడుగుతుంది. కెర్నెల్ ఎర్రర్ 99 ఇస్తుంది, అలాంటి అడ్రస్ నా దగ్గర లేదని. ఇంజిన్‌ఎక్స్ ఆగిపోతుంది. చేత్తో స్టార్ట్ చేస్తే చక్కగా లేస్తుంది. కారణం తెలియక టెన్షన్ పడి అందరూ చేసేది ఏమిటి? అడ్రస్ తీసేసి 0.0.0.0 పెడతారు. అప్పటినుంచి అది రెండు తలుపుల దగ్గరా. ఆ తొందరపాటే చేయొద్దని నేను బతిమాలేది. సిస్టమ్‌డీలో ‘నెట్‌వర్క్ ఆన్‌లైన్’ టార్గెట్ తర్వాతే లేవమని ‘ఆఫ్టర్’, ‘వాంట్స్’ రెండూ రాయండి. ఉత్త ‘నెట్‌వర్క్’ టార్గెట్ చాలదు, అది అడ్రస్ పడేదాకా ఆగదు. అప్పటికీ కుదరకపోతే ‘ఐపీ నాన్‌లోకల్ బైండ్’ 1 చేయండి. ఇంకా రాని అడ్రస్ మీద కూడా సర్వీసు కూర్చుని ఎదురుచూస్తుంది.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ, చెప్పమ్మా. ... వీఎల్ఏఎన్, అంటే ఒకే కేబుల్ మీద విడివిడి నెట్‌వర్కులు, పెడితే ఒకే కార్డు కదా, అప్పుడెలా అని అడుగుతోంది. ఒక్కో వీఎల్ఏఎన్ కెర్నెల్‌కు ఒక్కో ఇంటర్‌ఫేస్. ఇప్పటిదాకా చెప్పినదంతా అలాగే వర్తిస్తుంది, తేడా లేదు. ... మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన తమ్ముడు అడుగుతున్నాడు, ‘అన్నా, నేను సర్వర్ మీదే కూర్చుని 192.168.50.1 తెరిచి చూసుకున్నా, మంచిగనే వచ్చింది. మిల్లు వైపు మాత్రం రాలే. ఎందుకు?’

చాలా మంచి ప్రశ్న. సర్వర్ తన సొంత అడ్రస్‌ను తనే తెరిస్తే ఆ ప్యాకెట్ కార్డు దాకా పోదు. లూప్‌బ్యాక్‌లోనే తిరిగి వచ్చేస్తుంది. అడ్రస్ పడి ఉంటే చాలు, ఆ కేబుల్ పీకి చేతిలో పట్టుకున్నా పేజీ వస్తుంది. తలుపు తెరిచి ఉందో మూసి ఉందో ఇంట్లో కూర్చుని తెలుసుకోలేం, బయటికి పోయి తట్టాలి. ఒక ల్యాప్‌టాప్ తీసుకుని ఆఫీసు స్విచ్‌లో కేబుల్ పెట్టి పోర్టులు తట్టి చూసే ఎన్‌మ్యాప్‌తో అన్నీ చూడండి. టీసీపీకి ఒకసారి, యూడీపీకి ఒకసారి. తర్వాత అదే ల్యాప్‌టాప్ మిల్లు స్విచ్‌లో పెట్టి మళ్లీ చూడండి. నేను చెప్పిన రూటు రాసి, అవతలి వైపు అడ్రస్ కూడా తట్టి చూడండి. రెండు వైపులా ఏమేం తెరిచి ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. ఉండాల్సినవి కాకుండా ఇంకేదైనా కనపడితే ఆ పని ఆ రోజే పూర్తిచేయండి.

ఇక్కడ ఈ బల్ల మీద ఒక సర్వర్ ఉంది, రెండు కార్డులు, రెండు స్విచ్‌లు. ఎర్ర కేబుల్ ఆఫీసు, నీలం కేబుల్ మిల్లు. అందులో ఐదు సర్వీసులు పెట్టాను, మూడు తప్పు తలుపుల దగ్గర ఉన్నాయి. ఏవో చెప్పను. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇద్దరిద్దరుగా ముందుకు రండి. మొదట ఎర్ర కేబుల్ తీసుకోండి.